నీటిని నెట్టాలా, ఉప్పును లాగాలా?

నీళ్ల ఫిల్టర్లు అమ్ముతూ ఇంటింటికీ తిరిగేవాళ్ల సంచిలో ఒక చిన్న పరికరం ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బా కింద ఇనుప కడ్డీలు, అల్యూమినియం కడ్డీలు జతలుగా వేలాడుతుంటాయి. ఒక గ్లాసులో మన కుళాయి నీళ్లు, ఇంకో గ్లాసులో వాళ్ల ఆర్ఓ నీళ్లు పోసి, కడ్డీలు ముంచి ప్లగ్గు పెడతారు. కాసేపటికే మన నీళ్లు తుప్పురంగుకు తిరిగి పైన మురికి తెట్టు కడుతుంది. వాళ్ల నీళ్లు మాత్రం తేటగానే ఉంటాయి. "ఇన్నాళ్లూ పిల్లలకు తాగిస్తున్నది ఇదేనమ్మా!" అంటాడు వచ్చినాయన. ఆ మాటతో బేరం సగం కుదిరిపోతుంది.

ఆ తెట్టు నీళ్లలోది కాదు, కడ్డీలోది. ఉప్పులు కరిగిన నీళ్లలో కరెంటు పారుతుంది. పారినప్పుడు ధన ధ్రువంగా ఉన్న ఇనుము కరిగి నీటిలోకి దిగి, ఆక్సిజన్‌తో కలిసి తుప్పుగా తేలుతుంది. ఆర్ఓ నీళ్లలో ఉప్పులు బాగా తక్కువ గనక కరెంటు అంతగా పారదు, ఇనుమూ కరగదు. ఆ తేట నీళ్లలోనే చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ప్లగ్గు పెట్టమనండి, అవీ అదే రంగుకు తిరుగుతాయి. ఈ తతంగమంతా రుజువు చేసేది ఒక్కటే, మన నీళ్లలో కరెంటును మోసే కణాలు ఉన్నాయని. ఆ సంగతి నీటిలో కరిగిన పదార్థాలను కొలిచే టీడీఎస్ మీటరు కూడా చెబుతుంది, ఎవరినీ భయపెట్టకుండా.

తమాషా ఏమిటంటే, ఆ మాయ గ్లాసుకు రెండే రెండు మార్పులు చేస్తే అది నిజంగానే నీటిశుద్ధి యంత్రమవుతుంది. లోహపు కడ్డీలు తీసేసి, ఒళ్లంతా సూక్ష్మ రంధ్రాలున్న కార్బన్ పలకలు రెండు ఎదురెదురుగా పెట్టాలి. ఇంటి కరెంటుకు బదులు 1.2 వోల్టులు ఇవ్వాలి. టార్చిలైటులో వేసే బ్యాటరీ ఒక్కటి ఇచ్చే వోల్టేజీ కంటే ఇది తక్కువ. ఇప్పుడు రంగు మారదు, తెట్టు కట్టదు. పలకల మధ్య నుంచి పారే నీళ్లు మాత్రం ఉప్పు తగ్గి బయటికొస్తాయి. ఈ పద్ధతిని కెపాసిటివ్ డీఅయనైజేషన్ అంటారు. పేరు పొడుగు కాబట్టి శాస్త్రజ్ఞులలాగే మనమూ సీడీఐ అందాం.

మూడు వేలకు ఒకటి

లీటరు నీటిలో ఒక గ్రాము ఉప్పు కరిగి ఉందనుకోండి. మన బోరు నీళ్లు చాలాచోట్ల ఈ దరిదాపుల్లోనే ఉంటాయి. నాలుకకు కాస్త ఉప్పగా, సబ్బుకు నురగ రాకుండా, గిన్నెల అడుగున తెల్లటి గార కట్టే నీళ్లన్నమాట. భారతీయ ప్రమాణాల సంస్థ లెక్కలో తాగునీటిలో కరిగిన పదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు. వేరే దిక్కు లేని చోట 2000 దాకా ఒప్పుకుంటారు.

ఉప్పు నీటిలో కరిగిందంటే ధనావేశమున్న సోడియం, రుణావేశమున్న క్లోరైడు అయాన్లుగా విడిపోయిందని అర్థం. ఆ లీటరులో ఒక్కో సోడియం అయానుకు సుమారు 3,200 నీటి అణువులుంటాయి. ఆర్ఓ యంత్రం చేసే పని ఈ 3,200 అణువులను పంపుతో ఒత్తి సన్నటి పొర గుండా అవతలికి నెట్టడం, ఆ ఒక్క అయానును ఇవతల ఉంచేయడం. మరి 3,200 మందిని గది మార్చేకన్నా ఆ ఒక్కరినే చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్తే పోలేదా అన్నది సీడీఐ వాదం. వినగానే నచ్చే వాదమిది. ఇందులో సగం నిజం ఉంది, మిగతా సగం సంగతి కాస్త ముందుకెళ్లాక చూద్దాం.

అయాన్లకు ఆవేశం ఉండడమే ఇక్కడ పట్టు దొరికే చోటు. కార్బన్ పలకల్లో ఒకదానికి ధనావేశం, రెండోదానికి రుణావేశం ఇస్తే సోడియం, కాల్షియం, మెగ్నీషియం రుణ పలక వైపు కదులుతాయి. క్లోరైడు, సల్ఫేటు, నైట్రేటు, ఫ్లోరైడు ధన పలక వైపు పోతాయి. పలక దగ్గరికి చేరిన అయాను దానితో రసాయన చర్య జరపదు, ఎలక్ట్రాన్లు ఇచ్చిపుచ్చుకోదు. ఆవేశమున్న ఉపరితలాన్ని ఆనుకుని అలా నిలబడిపోతుంది, అంతే. కార్బన్‌లో ఒక వరస ఆవేశం, దానికి ఎదురుగా నీటిలో అయాన్ల వరస. ఈ జంట వరసలనే విద్యుత్ ద్విపొర అంటారు. దీన్ని 1853లోనే ఊహించినవాడు జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్. అయాన్లు సైనికుల్లా ఒకే వరసలో నిలబడవనీ, వేడిమి వల్ల అటూ ఇటూ కదులుతూ కొంత దూరం దాకా పలచగా పరుచుకుంటాయనీ 1910లో గూయ్, 1913లో చాప్‌మన్ వివరించారు. రెండు చిత్రాలనూ 1924లో ష్టెర్న్ ఒకటి చేశాడు. సీడీఐ సిద్ధాంతం మొత్తం ఈ పునాది మీదే ఉంది. ఈ నలుగురిలో ఎవరూ నీళ్లు శుద్ధి చేద్దామని కూర్చున్నవాళ్లు కాదు.

ద్విపొర మందం మహా అయితే కొన్ని నానోమీటర్లు. లీటరుకు అరగ్రాము పైచిలుకు ఉప్పున్న నీటిలో అది మూడు నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో మూడు లక్షల వంతు దరిదాపు. ఇంత పలచని పొరలో చెప్పుకోదగినంత ఉప్పు పట్టాలంటే ఉపరితలం బ్రహ్మాండంగా ఉండాలి. నున్నటి గ్రాఫైటు పలక ఎంత పెద్దదైనా చాలదు. అందుకే రంధ్రాల కార్బన్ కావాలి.

ఈ కార్బన్ ఎక్కడో దొరికే అపురూప పదార్థం కాదు. కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, దాన్ని 900 డిగ్రీల దగ్గర ఆవిరి పట్టిస్తే, ఆవిరి బొగ్గును లోలోపల కొరుక్కుతింటూ పోతుంది. మిగిలేది నానోమీటరు, రెండు నానోమీటర్ల వెడల్పు సందులతో నిండిన యాక్టివేటెడ్ కార్బన్. ప్రయోగశాలల్లో సీడీఐకీ సూపర్ కెపాసిటర్లకూ ఎక్కువగా వాడే ఒక జపాను కార్బన్ కూడా కొబ్బరి చిప్పల నుంచి వచ్చేదే. అలాంటి కార్బన్ ఒక్క గ్రాములో లోపలి గోడలన్నీ విప్పి పరిస్తే 1,300 చదరపు మీటర్లు సునాయాసంగా వస్తాయి. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడుగు, 10 మీటర్ల వెడల్పు. అంటే పది కోర్టుల స్థలం చెంచాలో పట్టేస్తుందన్నమాట.

పది కోర్టులున్నా అందులో ఎంత ఉప్పు కూర్చుంటుందో తెలుసా? మామూలు కార్బన్‌తో గ్రాముకు పది పదిహేను మిల్లీగ్రాములు. నిరుత్సాహపడాల్సిన పని లేదు. ఎందుకంటే ఈ కార్బన్‌ను మళ్లీ మళ్లీ ఖాళీ చేయొచ్చు. పలకలు నిండగానే రెండింటినీ తీగతో కలిపేస్తే, లేదా ధన రుణాలు తారుమారు చేస్తే, పట్టుకున్న అయాన్లన్నీ వదులుకుంటాయి. ఆ సమయంలో పారే కొద్దిపాటి నీటిలో అవన్నీ కొట్టుకుపోతాయి. ఆ చిక్కటి ఉప్పునీటిని వేరే గొట్టంలోకి మళ్లించి, మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆమ్లాలు అక్కర్లేదు, బస్తాల కొద్దీ ఉప్పు పోసి కడగక్కర్లేదు. నిండడానికి కొన్ని నిమిషాలు, ఖాళీ కావడానికి కొన్ని నిమిషాలు.

లెక్క వేసి చూద్దాం. మన వీధుల్లో తిరిగే 20 లీటర్ల క్యాను తీసుకోండి. 1000 టీడీఎస్ నీటిని 200కు దించాలంటే 16 గ్రాముల ఉప్పు తీయాలి. 100 గ్రాముల కార్బన్ ఒక్కో విడతకు ఒక గ్రాము పడితే పదహారు విడతలు. ఇక కరెంటు: ఒక గ్రాము ఉప్పులోని అయాన్లను జతలుగా పట్టడానికి సుమారు 1,650 కూలుంబుల ఆవేశం కావాలి. 1.2 వోల్టుల దగ్గర అది 0.55 వాట్-అవర్. పదహారు గ్రాములకు తొమ్మిది వాట్-అవర్ల లోపే. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బు గంటసేపు వెలిగినంత. కాగితం మీద చాలా అందంగా ఉన్న లెక్క ఇది. కాగితం మీదే.

అరవై ఏళ్ల నత్తనడక

ఇంత సులువైన పని అయితే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు చేయలేదని అడగొచ్చు. చేశారు. 1960లో అమెరికాలోని ఓక్లహామా విశ్వవిద్యాలయంలో బ్లెయిర్, మర్ఫీ అనే ఇద్దరు రంధ్రాల కార్బన్ ఎలక్ట్రోడ్లతో నీటి నుంచి ఉప్పు తీయడం గురించి ప్రచురించారు. అయితే జరుగుతున్నదేమిటో వాళ్లకు సరిగా అంతుబట్టలేదు. కార్బన్ ఉపరితలం మీద ఉండే కొన్ని రసాయన సమూహాలు అయాన్లతో చర్య జరుపుతున్నాయని అనుకున్నారు. అలా అనుకుంటే సహజంగానే ఆ సమూహాలను పెంచే కార్బన్ కోసం వెతుకుతారు, అసలు కావలసిన ఉపరితలం మీద దృష్టి పెట్టరు. పదేళ్లు ఇలా గడిచాక, ఇది రసాయన చర్య కాదు, ద్విపొర నిండడమేనని 1971లో జాన్సన్, న్యూమన్ గణితంతో సహా తేల్చారు. అదే కాలంలో ఎలక్ట్రోడ్లు, ముఖ్యంగా ధన పలకలు, ఎక్కువ కాలం నిలవడం లేదని తేలడంతో ఆ పరిశోధన అటకెక్కింది.

మళ్లీ కదలిక వచ్చింది 1990లలో. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలో రిచర్డ్ పెకాలా 1980ల చివర కార్బన్ ఏరోజెల్ తయారుచేశాడు. అది పొడి కాదు, గట్టి పలకగానే వస్తుంది, కరెంటును బాగా పారనిస్తుంది, లోపలంతా రంధ్రాలే. అణ్వాయుధాల పరిశోధనకు పేరుపడ్డ ఆ ప్రయోగశాలలోనే జోసెఫ్ ఫార్మర్ బృందం ఆ పలకలను దొంతరగా పేర్చి నీటిలోని ఉప్పు తీసి చూపించింది. ఏరోజెల్ ఖరీదు ఎక్కువ కావడంతో ఆ యంత్రం ఇంటింటికీ రాలేదు గానీ, అందరి దృష్టీ మళ్లీ ఇటు తిరిగింది. ఆ తర్వాత నెదర్లాండ్స్‌లో, కొరియాలో, చైనాలో పరిశోధన జోరందుకుంది. లేవార్డెన్ పట్టణంలోని వెట్సుస్ అనే నీటి పరిశోధన కేంద్రంలో బీస్‌హ్యువెల్ బృందం సిద్ధాంతాన్ని చక్కదిద్దింది. మన దగ్గర ఐఐటీ మద్రాసులో తలప్పిల్ ప్రదీప్ బృందం ఈ పని చేపట్టింది. అక్కడ పుట్టిన ఇన్నోడీఐ అనే సంస్థ సీడీఐ యంత్రాలు తయారుచేస్తోంది.

అటకెక్కించిన ఆ చిక్కులేమిటో చూడాలి, ఎందుకంటే యంత్రం మంచిదా కాదా అన్నది వాటి దగ్గరే తేలుతుంది.

మొదటిది దారి తప్పే కరెంటు. పలకకు వోల్టేజీ ఇవ్వకముందే దాని రంధ్రాల్లో ఉప్పునీరు నిండి ఉంటుంది, అందులో సోడియమూ క్లోరైడూ సమంగా ఉంటాయి. రుణ పలకకు ఒక ఎలక్ట్రాను చేరిందంటే దానికి జోడుగా ఒక సోడియం బయటి నుంచి లోపలికి రావాలి. కానీ లోపల ఉన్న ఒక క్లోరైడు బయటికి పోయినా లెక్క సరిపోతుంది. ఈ రెండో పని జరిగినప్పుడు కరెంటు ఖర్చవుతుంది, నీటిలో ఉప్పు మాత్రం తగ్గదు. ఇందుకు విరుగుడుగా ఒక్కో పలక ముందు ఒక్కో పొర తగిలించారు. రుణ పలక ముందున్న పొర ధన అయాన్లను మాత్రమే రానిస్తుంది, ధన పలక ముందున్నది రుణ అయాన్లనే. బయటికి పోదామనుకున్న క్లోరైడుకు దారి మూసుకుపోతుంది. 2006లో కొరియా శాస్త్రజ్ఞులు థర్మల్ విద్యుత్ కేంద్రపు వృథా నీటి మీద ఈ పొరల సీడీఐని పరీక్షించారు. నెదర్లాండ్స్‌లో మొదలైన వోల్టీయా కంపెనీ యంత్రాలూ ఈ కోవకు చెందినవే. పొరలతో కరెంటు వృథా బాగా తగ్గుతుంది, యంత్రం ఖర్చు బాగా పెరుగుతుంది. పొరలు అక్కర్లేదనేదే సీడీఐ గొప్ప అని మొదట చెప్పుకున్నవాళ్లు ఇప్పుడు ఆ మాట ఎత్తడం లేదు.

రెండోది కార్బన్ అరిగిపోవడం. 1.23 వోల్టులు దాటితే నీరే విడిపోవడానికి సిద్ధమవుతుంది గనక 1.2 దగ్గర ఆగుతారు. అయినా నీటిలో కరిగిన ఆక్సిజన్ ఊరుకోదు. రుణ పలక దగ్గర అది హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుతుంది. ధన పలక దగ్గర కార్బన్ మెల్లగా ఆక్సీకరణం చెందుతుంది. బొగ్గు బొగ్గే కదా, మంట లేకుండా కాలుతుందన్నమాట. కాలిన చోట రుణావేశపు సమూహాలు పుడతాయి, అవి వచ్చే క్లోరైడును వెనక్కి తోస్తాయి. వందలకొద్దీ విడతలు గడిచేసరికి ధన పలక సామర్థ్యం పడిపోతుంది. ఒక్కోసారి పని తలకిందులై, వోల్టేజీ ఇచ్చినప్పుడు ఉప్పు వదిలి, తీసేసినప్పుడు పట్టుకోవడం మొదలవుతుంది. ఈ వింతను కెంటకీ విశ్వవిద్యాలయం వాళ్లు మరోలా చూశారు. తలకిందులైనదాన్నే పద్ధతిగా మార్చి, ముందే అలాంటి సమూహాలున్న కార్బన్‌తో యంత్రం చేస్తే ఎక్కువ కాలం నిలుస్తుందని 2015లో చూపించారు. నాకు ఈ రంగంలో బాగా నచ్చిన పని ఇది. జబ్బును నయం చేయలేకపోతే దానితోనే పని చేయించుకోవడం.

కరెంటు లెక్కలో అసలు సంగతి

ఇప్పుడు ఆ మిగతా సగం. ఒకరిని లాగడం 3,200 మందిని నెట్టడం కంటే తేలిక అన్న వాదంలో ఒక మెలిక ఉంది. అణువుల సంఖ్యకూ శక్తికీ నేరుగా సంబంధం లేదు. ఎన్ని అణువుల్ని కదిపామన్నది కాదు, ఎంత ఒత్తిడికి ఎదురుగా కదిపామన్నది ముఖ్యం. సముద్రపు నీటికి ఆస్మాటిక్ పీడనం, అంటే ఉప్పును వదిలి నీరు పొర దాటాలంటే అధిగమించాల్సిన ఒత్తిడి, సుమారు 27 బార్లు. కాబట్టి అక్కడ ఆర్ఓ పంపు 55 నుంచి 70 బార్ల దాకా ఒత్తాలి. గ్రాము ఉప్పున్న బోరు నీటికి ఆ పీడనం ఒక బారు కూడా ఉండదు. 3,200 అణువులున్నా ఒత్తే భారం తక్కువే.

వెయ్యి లీటర్ల నుంచి కిలో ఉప్పు తీయడానికి 1.2 వోల్టుల దగ్గర 0.55 యూనిట్లు కావాలని పై లెక్కే చెబుతోంది. అదే పనికి ఉష్ణగతిక శాస్త్రం అడిగే కనీస శక్తి అందులో పదో వంతుకు మించదు. పలకలు ఖాళీ అయ్యేటప్పుడు బయటికొచ్చే కరెంటును పట్టి వాడుకుంటే కొంత తిరిగొస్తుంది. తీగతో కలిపేసి ఊరుకుంటే అదంతా వేడిగా పోతుంది. 2019లో యేల్ విశ్వవిద్యాలయంలోని ఎలిమెలెక్ బృందం ఈ రెండు పద్ధతులనూ పక్కపక్కన పెట్టి, ఉప్పు చప్ప నీటికి, అంటే బోరు నీటిలా కాస్తే ఉప్పగా ఉన్నదానికి కూడా, ఆర్ఓయే చాలా తక్కువ శక్తితో పని ముగిస్తుందని తేల్చింది. సీడీఐ శిబిరంలో కలకలం రేగింది. మరుసటి ఏడాది నెదర్లాండ్స్ పరిశోధకులు, నీరు మరీ ఉప్పగా లేకపోతే, ఉప్పంతా కాక కొంతే తీయాలనుకుంటే, పొరల సీడీఐ ఆర్ఓ సరసన నిలబడగలదని జవాబిచ్చారు.

ఇద్దరి మాటా విన్నాక నాకు తోచేది ఇది. కరెంటు ఆదా అని సీడీఐని అమ్మేవాళ్లను ఆ కడ్డీల డబ్బా ఆసామిలాగే కాస్త అనుమానంగా చూడడం మంచిది. దాని అసలు బలం ఆ జవాబులోని "కొంతే తీయాలనుకుంటే" అన్న చోట ఉంది. ఆర్ఓ పొరకు మధ్యేమార్గం తెలియదు. దాదాపు అన్నీ తీసేసి, చప్పటి నీళ్లు ఇస్తుంది. ఆపై కొన్ని యంత్రాలు తీసేసిన ఖనిజాలనే మళ్లీ కలిపి, దానికి వేరే పేరు పెట్టి అమ్ముతాయి. సీడీఐలో వోల్టేజీ, నీటి వేగం మారిస్తే 1000 టీడీఎస్ నీటిని 500 దగ్గర ఆపొచ్చు, 200 దగ్గర ఆపొచ్చు. ఎంత తీస్తే అంతకే కరెంటు ఖర్చు. పైగా ఎక్కువ ఒత్తిడి పంపు లేదు. నీటి వృథా తక్కువ. ఇళ్లలోని మామూలు ఆర్ఓ యంత్రం లీటరు ఇచ్చి రెండు మూడు లీటర్లు కాలువలోకి వదులుతుంది. సీడీఐ పది లీటర్లలో ఏడెనిమిది, జాగ్రత్తగా నడిపితే తొమ్మిది దాకా చేతికిస్తుంది. 500 టీడీఎస్ లోపున్న నీటికి ఆర్ఓ వాడకాన్ని నిషేధించాలని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది కూడా ఈ వృథా చూసే.

సముద్రపు నీటికి మాత్రం ఈ కార్బన్ పలకలు పనికిరావు. లీటరుకు 35 గ్రాముల ఉప్పు, గ్రాము కార్బన్ పట్టేది పది మిల్లీగ్రాములు. పలకలు క్షణాల్లో నిండిపోతాయి. 2013లో కొరియా వాళ్లు కార్బన్ పొడిని నీటిలో కలిపి ఆ ముద్దనే ఎలక్ట్రోడుగా పారించి, నిండిన కార్బన్‌ను బయటికి పంపుతూ, ఖాళీ కార్బన్‌ను లోపలికి తెస్తూ ఈ హద్దును దాటే దారి చూపించారు. 2012లోనే స్టాన్‌ఫర్డ్ బృందం కార్బన్‌ను వదిలేసి బ్యాటరీ పదార్థాలతో అయాన్లను పట్టింది. రెండూ ఇంకా సముద్రతీరపు ఆర్ఓ కర్మాగారాలకు పోటీ కాలేదు.

ఫ్లోరైడు మొండితనం

తెలుగు నేలకు ఉప్పు కంటే పెద్ద బాధ ఫ్లోరైడు. మన దేశంలో ఫ్లోరోసిస్ మొదట నమోదైంది 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. ఆ తర్వాత నల్గొండ పేరు దీనికి మారుపేరైంది. గ్రానైటు రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది. నీటిలో కాల్షియం బాగా ఉంటే దానితో కలిసి కొంత అడుక్కి చేరుతుంది. కాల్షియం తక్కువై, క్షారగుణం ఎక్కువైన చోట కరిగే ఉంటుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, తప్పని చోట 1.5 దాకా అన్నది మన ప్రమాణం. నాగపూర్‌లోని నీరీ సంస్థ 1970లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును అడుక్కి దించే పద్ధతిని రూపొందించి దానికి నల్గొండ పేరే పెట్టింది. చవకైనదే గానీ, రోజూ నీటిని బట్టి పటిక మోతాదు చూసుకునే మనిషి కావాలి, మిగిలిన బురదను ఏదో ఒకటి చేయాలి. తర్వాత ఊరూరా ఆర్ఓ ప్లాంట్లు వచ్చాయి. తెలంగాణలో మిషన్ భగీరథ కృష్ణా గోదావరి నీళ్లను గొట్టాల్లో తెచ్చింది. నది నీళ్లు అందిన చోట ఏ యంత్రమూ అక్కర్లేదు, ఇందులో వాదనకు తావు లేదు. గొట్టం ఆగినప్పుడు, పొలాల్లో, శివారు ఇళ్లలో మాత్రం బోరే దిక్కు.

ఫ్లోరైడుకు ఆవేశం ఉంది కాబట్టి సీడీఐ దాన్ని తీయగలదు. తీసింది కూడా. ఆస్ట్రేలియాలో వెయిట్ బృందం ఉప్పు చప్ప నీటి మీద చేసిన పనిలో ఫ్లోరైడు తగ్గింది. కానీ అంత తేలిగ్గా కాదు. ఒక బోరులో లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు, 150 మిల్లీగ్రాముల క్లోరైడు, 400 మిల్లీగ్రాముల బైకార్బనేటు ఉన్నాయనుకోండి. అయాన్ల లెక్కలో చూస్తే ధన పలక ముందు నిలబడ్డ ప్రతి డెబ్బై మందిలో ఫ్లోరైడు ఒక్కటే. మిగతా అరవై తొమ్మిదిని లాగుతూ పోతే గానీ దాని వంతు రాదు. పైగా ఫ్లోరైడు చిన్నదైనా చుట్టూ నీటి అణువులను గట్టిగా పట్టుకుని తిరుగుతుంది. ఆ నీటి తొడుగు విడవడానికి ఒప్పుకోదు, తొడుగుతో సన్న సందులో దూరలేదు. క్లోరైడుకు ఆ పట్టు తక్కువ, నైట్రేటుకు ఇంకా తక్కువ. అందుకే సన్న రంధ్రాల కార్బన్ నైట్రేటును ఇష్టంగా పడుతుంది. ఎరువుల వల్ల నైట్రేటు పెరిగిన బోర్లకు ఇది శుభవార్త. ఫ్లోరైడు బోర్లకు కాదు. అక్కడ టీడీఎస్‌ను కావలసిన చోట ఆపుకునే సౌలభ్యం కూడా కాస్త తగ్గుతుంది. ఫ్లోరైడును ఒకటికి దించాలంటే మిగతావీ చాలావరకు పోవాల్సిందే.

కాల్షియం సంగతి ఇంకో రకం. దానికి రెండు ఆవేశాలు. సోడియం ఎక్కువున్న నీటిలో మొదట సోడియమే రుణ పలకను ఆక్రమిస్తుంది. కాసేపటికి కాల్షియం వచ్చి ఒక్కో చోట ఇద్దరు సోడియంలను లేపి తాను కూర్చుంటుంది. విడత ఎంతసేపు నడపాలన్నది బట్టి ఏది ఎక్కువ పోవాలో కొంతవరకు మనమే ఎంచుకోవచ్చు.

ఆవేశం లేనివాటి మీద సీడీఐకి అధికారం లేదు. సిలికా దాని మధ్య నుంచి దర్జాగా వెళ్లిపోతుంది. భూగర్భంలో ఆక్సిజన్ తగలని నీటిలో ఉండే ఆర్సెనిక్ రూపానికీ మామూలుగా ఆవేశం ఉండదు. పురుగుమందుల్లో చాలావాటి సంగతీ అంతే. సూక్ష్మజీవులు చావవు. కాబట్టి సీడీఐ యంత్రం ముందు ఇసుక ఫిల్టరు, వెనక అతినీలలోహిత దీపం తప్పనిసరి. ఇవి లేకుండా అమ్మజూపితే కొనకండి.

తీసిన ఉప్పు ఎక్కడికి పోతుందన్న ప్రశ్న మిగిలింది. ఏ యంత్రమూ ఉప్పును మాయం చేయదు, చోటు మారుస్తుంది. మన 20 లీటర్ల క్యానుకే వద్దాం. సీడీఐ 25 లీటర్లు తీసుకుని 20 ఇచ్చి, 5 వదిలిందనుకుంటే ఆ అయిదు లీటర్లలో టీడీఎస్ నాలుగు వేలు దాటుతుంది. బోరులో ఫ్లోరైడు 3 ఉండి, క్యానులో 1కి దిగితే, వదిలిన నీటిలో అది 11కు చేరుతుంది. ఇంటి ఆర్ఓ అదే క్యాను కోసం 60 లీటర్లు వదులుతుంది, అందులో టీడీఎస్ 1300 దరిదాపే. ఆ 60 లీటర్లతో నేల తుడవొచ్చు, అంట్లు తోమొచ్చు. సీడీఐ వదిలిన అయిదు లీటర్లు మొక్కకు కూడా పనికిరావు. నీటి వృథా తగ్గించడమంటే ఉన్న ఉప్పును ఇంకా చిక్కబరచడమే.

ఆ చిక్కదనంలోనే ఒక సౌకర్యం ఉంది. ఊరికి రోజుకు వెయ్యి లీటర్లు ఇచ్చే యంత్రమైతే వదిలేది 250 లీటర్లు. మన ఎండలకు రోజుకు అయిదు మిల్లీమీటర్లు ఆవిరవుతాయనుకుంటే, అడుగున ప్లాస్టిక్ పట్టా పరిచిన 50 చదరపు మీటర్ల మడి చాలు. పెద్ద ఆర్ఓ ప్లాంటు సగం నీళ్లు వదిలినా దానికి 200 చదరపు మీటర్లు కావాలి, అంత మడి ఎవరూ తవ్వరు గనక నీళ్లు పక్క గుంటలోకి పోయి, అక్కడి నుంచి మళ్లీ అదే బోరులోకి దిగుతాయి. వానాకాలంలో మడికి కప్పు వేయాలి, ఏడాదికోసారి అడుగున పేరుకున్న ఫ్లోరైడు ఉప్పును గీకి, చెరువుకు దూరంగా పూడ్చాలి.